తడి గోనె చుట్టిన మందు

షావుకారమ్మ పోయారన్న కబురు నాకు మొదట చెప్పినవాడు, ఆవిడ చేత ఎనిమిదేళ్ళు తిట్లు తిన్న మెడికల్ రెప్పు. పొద్దున్న ఏడింటికి ఫోను చేశాడు. "సార్, చీపురుపల్లి షావుకారమ్మ ఇక లేరు. గుండె ఆగిపోయిందట" అన్నాడు.  విలేకరి పనిలో నేను చావు కబుర్లు చాలా విన్నాను. చెప్పేవాళ్ళలో ఎక్కువమంది ఫొటో ఎప్పుడు పంపాలో అడుగుతారు. ఇతను ఏమీ అడగలేదు. "నన్నింక ఎవరు తిడతారు సార్" అని పెట్టేశాడు.

నాలుగో రోజున మందుల వర్తకులు సంతాపసభ పెట్టారు. ఫ్లెక్సీ మీద ఆవిడ ఫొటో కంటే పెట్టినవాళ్ళ ఫొటోలు పెద్దవి. నేను వెనక కుర్చీలో కూర్చుని, అలవాటు కొద్దీ నోటుబుక్కు తీశాను. ఐదుగురు మాట్లాడారు. సేవామూర్తి, త్యాగశీలి, నిష్కళంక, ధన్వంతరి స్వరూపిణి - ఇలా పద్నాలుగు విశేషణాలు రాసుకున్నాను. వాస్తవం ఒక్కటే వచ్చింది, ఆవిడ వయసు. అదీ తప్పు చెప్పారు.

ఆ సభలో రానివి ఇక్కడ రాస్తున్నాను.

చీపురుపల్లి స్టేషను రోడ్డులో ఆవిడ మందుల షాపు. వ్యాపారస్తుల ఇంటి కోడలు కాబట్టి ఊరంతా షావుకారమ్మ అనే పిలిచేది. మామగారి కాలంలో అది కిరాణా కొట్టు. పెళ్ళికి ముందే ఆవిడ శ్రీకాకుళంలో డి.ఫార్మసీ చదివారు. ఆ సర్టిఫికెట్ చూసే భర్త ఉప్పు, చింతపండు తీసేసి మందులు పెట్టారు. ఆయన పోయాక షాపు ఆవిడ ఒక్కరే నడిపారు. ఎవరినీ పేరుతో పిలిచేవారు కాదు. ఎవరిది ఏ ఊరైతే అదే పేరు. నాకు ఫోను చేసిన రెప్పు ఎస్.కోట నుంచి వచ్చేవాడు, అతను "కోటోడు". నెల్లిమర్ల జనపనార మిల్లులో పనిచేసే ఒక రోగి "నెల్లిమర్ల". నేను మాత్రం "పేపరు బావు". నాకు ఊరు లేదని ఆవిడ ఉద్దేశం. "మీరు ఏ ఊర్లో దొంగతనమైతే ఆ ఊరోలు" అనేవారు.

ఆవిడ దగ్గర మెత్తని మాట ఉండేది కాదు. జ్వరానికి తనంతట తానే యాంటీబయాటిక్ అడిగినవాడిని షాపు మెట్లు దింపేవారు. నేను ఎందుకు వెళ్ళేవాడినంటే, అబద్ధం వినకుండా టీ తాగగలిగిన చోటు ఆ రోడ్డులో అదొక్కటే.

హుద్‌హుద్ తుపానప్పుడు జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. నేను కూలిన స్తంభాల లెక్క రాసుకుంటూ తిరుగుతున్నాను. మూడో రోజు షాపుకి వెళితే, ఆవిడ ఫ్రిజ్జు ఖాళీ చేస్తున్నారు. ఇన్సులిన్, టీకాలు, పేగులకు వాడే మంచి బ్యాక్టీరియా పొట్లాలు, చల్లగా ఉండాల్సినవన్నీ ఒక గోనెలో వేశారు. పెరట్లో గొయ్యి తవ్వించారు. ఇంకో మందుల షాపాయన వచ్చి చూసి నవ్వాడు.

"ఏటొదినా, కరెంటొస్తే మళ్ళీ సల్లబడతాయి కదా. పారేస్తావేటి?"

"సచ్చిన సేపని ఐసులో ఎడితే ఈదుతాదేటి మరిదీ?"

"ఎవులికి తెలుస్తాది?"

"సేపకి తెలీదు. నాకు తెలుస్తాది."

ఆయన తన ఫ్రిజ్జులో ఏమీ పారెయ్యలేదు. సంతాపసభలో మొదటి వక్త ఆయనే. ఆవిడ అడుగుజాడల్లో నడుస్తానన్నాడు. చప్పట్లు కొట్టారు.

ఆ తుపాను తరవాతే స్టీలు గ్లాసులు మొదలయ్యాయి. కంపెనీవాళ్ళు పంపే బ్యాక్టీరియా పొట్లాల్లో బ్యాక్టీరియా బతికుందో లేదో ఆవిడకు అనుమానం వచ్చింది. పాలు మరిగించి, వేలు పెడితే ఓర్చుకునేంత చల్లార్చి, రెండు గ్లాసుల్లో పోసేవారు. ఒక దాంట్లో పొట్లం విప్పి కలిపేవారు. రెండోదాంట్లో ఏమీ వేసేవారు కాదు. గ్లాసుకి ప్లాస్టరు ముక్క అంటించి బ్యాచి నంబరు రాసి, ఫ్రిజ్జు పక్కన వెచ్చగా ఉండే స్టెబిలైజరు మీద పెట్టేవారు. మర్నాటికి మొదటి గ్లాసు తోడుకుని, రెండోది పాలలాగే ఉంటే పొట్లంలో ప్రాణం ఉన్నట్టు. కొన్ని పొట్లాల్లో ఉండేది ఈస్టు, అది పాలు తోడెయ్యదని ఆవిడకి తెలుసు. దానికి పంచదార నీళ్ళు. నురగ వస్తే సరే. ఏదీ రాకపోతే ఆ బ్యాచి మొత్తం వెనక్కి.

రెప్పులకి ఇది నచ్చలేదు. ఒకడన్నాడు: "మేడమ్, ఇది పెరుగు తోడు కాదండీ, సైన్సు."

"సైన్సయితే సచ్చిపోయినా పనిచేస్తాదేటి? రేపు మీ కంపెనీ నీ బదులు నీ ఫొటో పంపితే ఆర్డరిచ్చీమంటావేటి?"

ఇంతవరకు అందరికీ నచ్చే కథే. ఇక్కడి నుంచి నచ్చదు, ముఖ్యంగా నాకు.

కొన్నాళ్ళకి ఒక కంపెనీ కొత్త మందు తెచ్చింది. పెద్దపేగు పుండ్లకు మంచి బ్యాక్టీరియా, పసుపులోంచి తీసిన యాంటీ ఆక్సిడెంట్లు రెండూ ఒకే గొట్టం మాత్రలో. విజయనగరంలో ఒక హోటలు హాలులో విడుదల సభ పెట్టారు. వేదిక మీద మనిషి పేగు బొమ్మ, దాని చుట్టూ బెలూన్లు. కోటోడు ఆ కంపెనీ తరఫునే తిరిగేవాడు. టై కట్టుకుని కరపత్రాలు పంచాడు. నేను లేచి, ఎంతమంది రోగుల మీద చూశారని అడిగాను. "చాలా మంచి రెస్పాన్స్ సార్" అని వేదిక మీది పెద్దమనిషి జవాబు. ఎంతమంది అని మళ్ళీ అడిగాను. "సూపర్ రెస్పాన్స్ సార్." ఎక్కడ దాచాలి అని అడిగాను. చల్లని, పొడి ప్రదేశంలో అన్నాడు. మే నెలలో విజయనగరంలో ఆ ప్రదేశం చిరునామా చెప్పమన్నాను. అందరూ నవ్వారు. నాకు ఒక బ్యాగు, ఒక పెన్ను, ఒక మాత్రల డబ్బా ఇచ్చి బిర్యానీ వైపు చెయ్యి చూపించారు. పెన్ను రాయలేదు.

డబ్బా తెచ్చి షావుకారమ్మకి ఇచ్చాను. ఆవిడ మాత్ర విప్పితే లోపల పసుపుపచ్చ పూసలు, ఆవగింజల్లా ఉన్నాయి. పాలలో వేశారు. మర్నాడు పాలు పాలలాగే ఉన్నాయి. ఇంకో రోజు ఆగినా అంతే. పూసలు గ్లాసు అడుగున చెక్కు చెదరకుండా కూర్చున్నాయి.

అది సంత రోజు. షాపు ముందు పదిమంది ఉన్నారు. కోటోడు ఆర్డరు కోసం వచ్చాడు. ఆవిడ గ్లాసు తెచ్చి వాడి ముక్కు కింద పెట్టారు.

"ఒరే కోటా, ఏటిది?"

"పాలండి."

"రెండ్రోజుల్నించీ పాలే. నీ మందులో పేనముంటే ఈపాటికి పెరుగవ్వాలి. పసుపేసి సంపీసినారురా! బతికున్నదాన్నీ, దాన్ని సంపీదాన్నీ ఒకే డబ్బాలో ఎట్టి అమ్ముతారేటి? పిల్లినీ ఎలకనీ ఒకే బుట్టలో ఎట్టి కాపరం సెయ్యమన్నట్టు!"

జనం నవ్వారు. కోటోడు "కాదమ్మా, ఆ పైన ఉన్నది..." అంటూ ఏదో చెప్పబోయాడు. "నోరు మూసుకుని డబ్బాలట్టుకెళ్ళు" అన్నారావిడ. వాడు చెవుల దాకా ఎర్రబడి డబ్బాలు సర్దుకున్నాడు. నేను ఆ నవ్వుల్లో ఉన్నాను. నోటుబుక్కు కూడా తీశాను.

ఆ వారం జిల్లా పేజీలో నా కాలమ్ వచ్చింది. శీర్షిక "పసుపు పూసిన శవాలు". కంపెనీ పేరు రాయలేదు. బెలూన్లు రాశాను, రాయని పెన్ను రాశాను, పాల గ్లాసు రాశాను. అన్నీ చూసినవే. చివర ఒక వాక్యం రాశాను: "పేగు జబ్బుకు కంపెనీలు అమ్మేవన్నీ ఈ కోవలోవే." ఆ వాక్యానికి నా దగ్గర ఆధారం లేదు. వినడానికి బాగుందని రాశాను. చాలా ఫోన్లు వచ్చాయి, అన్నీ మెచ్చుకోళ్ళే. ఎక్కువమంది మెచ్చుకున్నది ఆ వాక్యాన్నే.

మూడు వారాల తరవాత ఒక మధ్యాహ్నం షాపులో టీ తాగుతున్నాను. నెల్లిమర్ల మిల్లు కార్మికుడి భార్య వచ్చింది. ఆయనకి ఆరేళ్ళుగా పెద్దపేగులో పుండ్లు. విశాఖలో పెద్దాసుపత్రి డాక్టరు చూస్తాడు. నెలనెలా మందులు మాత్రం ఈ షాపులోనే, పాసింజరు బండెక్కి వచ్చి తీసుకునేవాడు. ఈసారి భార్య ఒక్కతే వచ్చి ఓఆర్ఎస్ పొట్లాలు అడిగింది.

"ఆడేడి? మాత్రలయిపోయి వారమైపోనాది కదా" అన్నారు షావుకారమ్మ.

"మాత్రలు మానీసినాడమ్మా."

"ఏటి?"

"మిల్లు గేటు కాడ పేపరు సదివినారట. పేగు మాత్రలన్నీ ఉత్తుత్తివేనని పడ్డాదట. డాక్టరు ఆ కొత్త పసుపు మాత్ర రాస్తే నువ్వూ ఇయ్యనన్నావు కదా. ఉన్నవి కూడా నూతిలో పారీసినాడు."

"ఎన్నాళ్ళయినాది?"

"ఇరవై రోజులు."

"రగతం?"

"పడతన్నాది. నిన్నట్నించీ లెగడం లేదు."

షావుకారమ్మ నా వైపు చూశారు. ఒక్కసారే చూశారు. తరవాత లేచి షట్టరు దించేశారు. పట్టపగలు ఆ షట్టరు దిగడం నేనెప్పుడూ చూడలేదు. ఇద్దరూ స్టేషనుకి నడిచారు. నన్ను రమ్మనలేదు, వద్దనీ అనలేదు. నేను వెనక నడిచాను.

బండి గరివిడి దాటాక అడిగారు: "పేపరు బావూ, ఆ ఆకరి మాట నీకెవులు సెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు."

"ఊఁ" అన్నారు. 

ఆయన్ని ఇంటి నుంచి మంచం మీదే ఆటో దాకా మోశారు, అక్కణ్ణించి విశాఖ. డాక్టరు చూసి, పేగు బాగా వాచిందని, చిల్లు పడితే తీసెయ్యడం తప్ప దారి లేదని, వారం దాకా ఏ మాటా చెప్పలేనని అన్నాడు. అప్పుడు షావుకారమ్మ ఆ కొత్త మాత్ర సంగతి అడిగారు. రెండూ కలిపితే ఒకదాన్ని ఒకటి చంపదా అని.

డాక్టరు ఓపికగా చెప్పాడు. "వాచిన పేగులో మంటలాంటిది రగులుతూ ఉంటుందమ్మా. మనం పంపిన మంచి బ్యాక్టీరియా కూడా అందులో పడి చస్తుంది. కాలుతున్న ఇంట్లోకి కాపురానికి మనిషిని పంపితే, చేతికి నీళ్ళ బిందె కూడా ఇవ్వాలి కదా. ఆ బిందె యాంటీ ఆక్సిడెంట్. ఎంత పెట్టాలో అంత పెడితే చంపదు, కాస్తుంది. ఆలోచన మంచిదే. సాక్ష్యం ఇంకా కొంచెమే. అందుకే అసలు మందుకు తోడుగా రాశాను, బదులుగా కాదు. మరి కడుపులో యాసిడ్ ఉంది. అది కరిగించకుండా పూసల పైన ఒక పూత వేస్తారు. పేగుల్లోకి వెళ్ళాకే ఆ పూత కరుగుతుంది."

"పూత" అన్నారు షావుకారమ్మ.

ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు. కడుపులో కరగని పూత ఉన్న మాత్రలు ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా చేత్తో ఇస్తున్నారు. "నమిలితే పూత పోతాది, మింగు" అని రోజుకి పదిమందికి చెబుతారు. కడుపులో కరగనిది పాలలో ఎందుకు కరుగుతుంది? "ఆవేళ కోటోడు అదే సెప్పబోయినాడు బావూ. నానే నోరు మూయించినాను. నాకు తెలీక కాదు. ఆడు ఓడిపోవాలని ఉన్నాది నాకు. అందుకని గేపకం రానేదు."

నా వృత్తిలో ఇలాంటి మాట ఎవరి నోటా వినలేదు. నేను కూడా అనలేదు.

మర్నాడు షాపులో కొత్త పద్ధతి మొదలైంది. ఒక గ్లాసులో నిమ్మరసం. "ఇది కడుపు" అన్నారు. నేనిచ్చిన డబ్బాలో మిగిలిన పూసలు అందులో రెండు గంటలు. కరగలేదు. టీ వడపోసే జల్లెడలో తీసి కడిగారు. రెండో గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు, చిటికెడు వంటసోడా. "ఇది పేగు." పూసలు మెల్లగా మెత్తబడి, నీళ్ళు ఎర్రపసుపు రంగుకి తిరిగాయి. ఆ నీళ్ళు పాలలో కలిపి స్టెబిలైజరు మీద పెట్టారు. పక్కన ఏమీ కలపని గ్లాసు ఎప్పటిలాగే ఉంది. మర్నాడు సాయంత్రానికి లేత పసుపు రంగు పెరుగు, గరిటె నిలిచేంత గట్టిగా.

ఆవిడ వేలితో కాస్త తీశారు. నాలుక్కి రాసుకుని, "సేదుగా ఉన్నాది. బతికే ఉన్నాది" అన్నారు.

మళ్ళీ సంత రోజు దాకా ఆగి కోటోడిని పిలిపించారు. వాడు వచ్చి మెట్ల కిందే ఆగాడు. షాపు ముందు ఆనాటి మొహాలే చాలావరకు. ఆవిడ స్టూలు బయటికి తెచ్చి వేశారు.

"కూకో."

"పర్వాలేదండి, నిలబడతాను."

"కూకోరా సచ్చినోడా! ఇదిగో, అందరూ ఇనండి. ఆవేళ ఈడి మందు సచ్చిందన్నాను. ఈడిది కాదు తప్పు. నాది. పాలలో కరగనిది పాలలో ఏసి సూసినాను. ఈడు సెప్పబోతే ఇననేదు." గ్లాసు చుట్టూ తిప్పి అందరికీ చూపించారు. ఒక ముసలాయన "అయితే ఇపుడు మంచిదేనా?" అని అడిగాడు. "బతికున్నాది. మంచిదో కాదో డాక్టరు సెప్తాడు. నాను కొట్టుదాన్ని" అన్నారు.

తరవాత నా వైపు తిరిగారు. "పేపరు బావూ, నీ వంతు. ఎంత జాగాలో రాసినావో అంత జాగాలో రాయి."

నేను రాశాను. పేపరాఫీసు డెస్కులో ఒప్పుకోలేదు. కాలమ్ తప్పని కాలమ్‌లోనే వెయ్యడం మన పద్ధతి కాదన్నారు. ఏడో పేజీలో, అద్దె ఇళ్ళ ప్రకటనల కింద, నాలుగు లైన్లు వేశారు. పైన "సవరణ" అని ఉంది, ఏ తప్పుకి సవరణో పోల్చుకోవడం కష్టం. నేను గొడవ పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. ఇంటికెళ్ళి అన్నం తిని పడుకున్నాను.

షావుకారమ్మ రెండూ కత్తిరించి ఫ్రిజ్జు తలుపు మీద పక్కపక్కన అంటించారు. అరచేయంత ఉన్న ఆ శవాల కాలమ్, అగ్గిపెట్టె అంత కూడా లేని సవరణ. నన్ను ఒక్క మాట అనలేదు. నేను వెళ్ళినప్పుడల్లా టీ ఇచ్చి, ఆ ఫ్రిజ్జుకి ఎదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చోబెట్టేవారు.

నెల్లిమర్లాయనకి పేగు తియ్యాల్సిన అవసరం రాలేదు. అసలు మందులు మళ్ళీ మొదలయ్యాయి. మూడు వారాలకి ఇంటికొచ్చాడు. షావుకారమ్మ వెళ్ళి, "ఆ కొత్తది ఇయ్యనన్నది నా తప్పురా. ఉన్నవి నూతిలో పారీడం మాత్రం నీ బుర్రతక్కువ" అని చెప్పి వచ్చారు. డాక్టరు మళ్ళీ ఆ మాత్ర తోడుగా రాశాడు. ఈసారి ఆవిడ ఇస్తానన్నారు.

మే నెలలో కొత్త బ్యాచి వచ్చింది. నిమ్మరసం, సోడా, పాలు. తోడుకోలేదు. ఇంకో డబ్బా చూశారు. తోడుకోలేదు. ఈసారి ఆవిడ ఎవరినీ తిట్టలేదు. కోటోడిని పిలిచి, "ఎలాగొచ్చినాది?" అని అడిగారు. విశాఖ స్టాకిస్టు దగ్గర ఫ్రిజ్జులోంచి తీసి, అట్టపెట్టెలో పెట్టి, ఆర్టీసీ పార్సిలులో వేశారు. విజయనగరం కాంప్లెక్సు బస్టాండులో రెండు రోజులు ఎండలో పడి ఉంది. కంపెనీకి ఆవిడ ఉత్తరం రాశారు, బ్యాచి నంబర్లతో సహా. తమ అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదాలని జనవరిలో జవాబు వచ్చింది, కొత్త సంవత్సరం డైరీతో.

ఆ ప్రాణిని యాసిడ్ దాటించడానికి చదువుకున్నవాళ్ళు ఎవరో ఏళ్ళ తరబడి తల బద్దలు కొట్టుకుని ఉంటారు. మంటలో కాలకుండా దాని చేతికి బిందె ఇచ్చారు. అమ్మేవాళ్ళకి మాత్రం వంద కిలోమీటర్లు కూడా లేని దారిలో ఒక ఐసు ముక్క పెట్టాలన్న బుద్ధి పుట్టలేదు. బెలూన్లకి పుట్టింది. షావుకారమ్మ ఇంకా పొట్టిగా చెప్పారు: "కడుపు దాటించినారు బావూ. కాంప్లెక్సు దాటించనేకపోనారు."

అప్పటి నుంచి నెలకోసారి ఆవిడే విశాఖ వెళ్ళేవారు. పెద్ద మట్టి పిడత, అందులో ఐసు, ఐసు మధ్య మూత బిగించిన స్టీలు డబ్బా, డబ్బాలో మందు. పిడత చుట్టూ తడి గోనె. గోనె ముక్కలు నెల్లిమర్లాయన మిల్లు నుంచి తెచ్చిచ్చేవాడు. ఐసు పాసింజరు బండిలో చేపల బుట్టలవాళ్ళు ఇచ్చేవారు. మాంసం, చేప ముట్టని ఇల్లు ఆవిడది. ఇంటికి చేపల వాసనతో వచ్చేసరికి తోడికోడళ్ళు గుమ్మంలోనే ఆపేవారు. నూతి దగ్గర స్నానం చేసి లోపలికి వెళ్ళేవారు. "సేపల్దానికున్న తెలివి కంపినీకి నేదు. సచ్చిన సరుక్కే ఐసెడతాది అది. ఈలు బతికున్నదానికి ఎట్టరు" అనేవారు.

నెల్లిమర్ల స్టేషనులో బండి ఆగేది రెండు నిమిషాలు. ఆయన వంతు మాత్రలు ఇంకో చిన్న పిడతలో, గోనె చుట్టి, కిటికీలోంచి అందించేవారు. "ఇంటికెళ్ళేదాకా గోనె ఆరనీకు!" అని బండి కదిలాక కూడా అరిచేవారు.

ఆయన ఈరోజుకీ పనిలోకి వెళుతున్నాడు. ఏ మందు ఎంత పనిచేసిందో చెప్పలేనని డాక్టరు అన్నాడు. నేను షావుకారమ్మని అడిగితే, "నాకూ తెలీదు. బతికున్నదే ఇచ్చినాను. అంతవరకే నాది" అన్నారు. నా నోటుబుక్కులో ఆ మాట కింద గీత ఉంది.

పదోరోజు మళ్ళీ వెళ్ళాను. షట్టరు సగం దించి ఉంది. లోపల బంధువులు షాపు ఎవరికి అద్దెకివ్వాలో మాట్లాడుకుంటున్నారు. ఫ్రిజ్జు ప్లగ్గు తీసేశారు, వాసన రాకుండా తలుపు తెరిచి పెట్టారు. తెరిచిన తలుపు మీద నా రెండు ముక్కలూ అలాగే ఉన్నాయి, పెద్దది పసుపుపచ్చగా మాగిపోయి. స్టీలు గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. ఒక దానికి ప్లాస్టరు ముక్క ఇంకా అంటుకుని ఉంది. ఈ వ్యాసానికి ఆనాటి కాలమ్ అంత జాగా కావాలని, ఒక్క అంగుళం తగ్గినా వెయ్యొద్దని ఇప్పుడు అడిగాను. ఆవిడ ఉన్నప్పుడు అడగాల్సింది.

తిరుగు ప్రయాణంలో సాయంత్రం పాసింజరు ఎక్కాను. నెల్లిమర్లలో బండి ఆగింది. కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారమ్ మీద మిల్లు కార్మికుడు నిలబడి ఉన్నాడు, చంకలో గోనె ముక్కల కట్ట. ఎవరి కోసమా అనుకున్నాను. ప్లాట్‌ఫారమ్‌కి అవతలి వైపు పట్టాల మీద విశాఖ నుంచి వచ్చిన బండి ఉంది. దాని కిటికీలోంచి కోటోడు వంగాడు. టై కట్టుకునే ఉన్నాడు. చొక్కా ముందంతా తడిసిపోయింది. చేతుల్లో పిడత.

"నిమ్మరసంలో ఏసినావా?" అని మిల్లాయన అరిచాడు.

"ఈ బ్యాచిదే, పోయినారం ఏసి సూశాను. బతికున్నాది."

పిడత చేతులు మారింది. మిల్లాయన కట్ట కిటికీలోకి విసిరాడు. కోటోడి బండి కదిలింది. కోటోడు ఇంకా వంగే ఉన్నాడు. "గోనె ఆరనీకు!" అని అరిచాడు.

మిల్లాయన పిడతని పొట్టకి ఆనించుకుని గేటు వైపు నడిచాడు. గోనెలోంచి కారిన నీళ్ళు ప్లాట్‌ఫారమ్ సిమెంటు మీద చుక్కచుక్కగా ఆయన వెనకాలే గేటు దాకా వెళ్ళాయి. నా బండి కదిలేసరికి మొదటి చుక్కలు ఆరిపోతున్నాయి, గేటు దగ్గరవి ఇంకా తడిగానే ఉన్నాయి.